గేటు దాటిన ఘటం

21 జూలై 1957, ఆదివారం

రామదాసుకి అమ్మవారు పోసింది. పొద్దున్న వీపు మీద నాలుగు పొక్కులు చూసి దోమలన్నాడు. సాయంత్రానికి మొహం నిండిపోయింది. పెళ్లై ఏడాది తిరిగింది, రబ్బరు ఫ్యాక్టరీలో ఉద్యోగం, మీసం ఉంది. వచ్చింది మాత్రం చిన్నపిల్లల జబ్బు. నవ్వు రావాలి గానీ రావడం లేదు. ఒక్కగానొక్క కొడుకు.

ఇంట్లో పోపు వేయకూడదని, వాడు కట్టుకున్న ఆ పిల్లతో చెబుదామని వెళ్లేసరికి పోపు గరిటె కడిగి బోర్లించేసి ఉంది. గుమ్మానికి వేపమండలు కూడా కట్టేసింది. అరవవాళ్లకీ మారియమ్మ ఉందట, వాళ్లకీ పోపు ఉండదట. నేను అడిగానా?

నన్ను మామీ అంటుంది. అత్తా అనమని ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగదు.

23 జూలై

వాడికి నిద్ర లేదు, నాకూ లేదు. ఆ పిల్ల వేపాకు కొమ్మతో వాడి ఒళ్లు నిమురుతూ కూర్చుంది. కొత్తలో అందరూ అలాగే చేస్తారు.

26 జూలై

ఘటాన్ని గూట్లోంచి దించి తోమాను. వాడికి తగ్గాక నూకాలమ్మకి పసుపు నీళ్లు మోసుకెళ్లాలి.

మా అత్త అప్పలమ్మ విశాఖపట్నంలో ఓడెక్కి ఈ మలయా రబ్బరు తోటకి వచ్చినప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఘటం ఇది. తోటలో అందరికంటే పాతది, మనుషులతో సహా. పొట్ట మీద అమ్మ మొహం ఉంటుంది. ముక్కు అరిగిపోయింది, వెండి కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. జపానువాళ్లు ఇత్తడంతా పోగేసుకు పోయినప్పుడు అత్త దీన్ని కర్రపెండలం మడిలో పాతిపెట్టింది. తవ్వి తీసేటప్పుడు గునపం తగిలి ఒక పక్క సొట్ట పడింది. ఎవరి గునపమో నేను చెప్పను. చెప్పకపోయినా మా ఆయన ఇప్పటికీ ఆ పక్క చూడరు.

దీన్ని నేల మీద దించకూడదు, చుట్టకుదురు మీదే పెట్టాలి. ఖాళీగా ఉంచకూడదు, గుక్కెడు నీళ్లైనా ఉండాలి, అవీ రోజూ మార్చాలి. ఇంటి ఆడదే మోయాలి. అత్త తన చేతులతో కోడలి నెత్తికెత్తాక ఇక తను మోయకూడదు. మా అత్త నా నెత్తికెత్తి, లోపలికెళ్లి తలుపు చాటున ఏడ్చింది. అంత బరువు దిగితే సంతోషించాలి కదా అనుకున్నాను. నాకప్పుడు ఏం తెలుసు.

తెలుగు పిల్ల నెత్తికే ఎత్తుతానని రామదాసు పెళ్లినాడే పదిమందిలో అన్నాను. పక్కింటి దాలమ్మ విని, కూలీల ఇళ్ల లైన్లన్నీ చాటింది. అన్నమాట అన్నాను, అంతే.

చింతపండుతో తోముతుంటే ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. "ఏటి?" అన్నాను. "ఒణ్ణుమిల్లే మామీ" అంది. ఏమీ లేనిదానికి అంతసేపు చూస్తారా?

29 జూలై

జ్వరం దిగింది. తలకి నీళ్లు పోశాం. ఘటం నెత్తిన పెట్టుకుని నూకాలమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. ఆ పిల్ల వేపమండలు పట్టుకుని వెనకాల వచ్చింది.

అమ్మ రాయి మొదట లైన్ల వెనకే ఉండేది. అడివిలో కమ్యూనిస్టులున్నారని మా చుట్టూ ముళ్లకంచె వేశాక అమ్మ బయటా, మేం లోపలా అయ్యాం. ఆ రోజుల్లో చద్దన్నం, పెరుగు కలిపి ఘటంలో తీసుకెళ్లి అమ్మని చల్లబరిచేవాళ్లం. ఇప్పుడు తినేది ఏదైనా సరే గేటు దాటితే నేరం. ఇంట్లో బియ్యం కూడా ఉంచనివ్వరు. పెద్ద వంటశాలలో వండి అన్నమే ఇస్తారు. అన్నమైతే పాచిపోతుంది, అడివిదాకా చేరదని వాళ్ల తెలివి. నీళ్లు పోసి చద్ది పెట్టడం తెలియనివాళ్లు రాజ్యాలేలుతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల అడిగింది. "మామీ, అమ్మకి సోరు ఇల్లియా?"

అన్నం లేదన్నాను.

"పసిక్కాదా?"

ఆకలేస్తుంది, ఎందుకు వేయదు, ఏం చేస్తాం అన్నాను. తల వంచుకుని నడిచింది. రాయిలాంటి పిల్ల.

2 ఆగస్టు

వాడి ఒంటి మీద పొక్కులన్నీ మాడిపోయాయి గానీ ఎడమ కన్ను తెరవడం లేదు. కంటిలోపల పొక్కు లేచిందట. తోట ఆస్పత్రి డ్రెస్సరు చుక్కల మందు వేసి, చూపు సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు.

దాలమ్మ వచ్చి చూసి, "అమ్మకి కడుపు నిండనేదు రత్నమ్మా. పసుపు నీల్లకి సల్లబడుద్దేటి?" అంది. గట్టిగానే అంది. ఆ పిల్ల అక్కడే వాడి పక్కబట్టలు మడతపెడుతోంది.

3 ఆగస్టు

తెరవలేదు.

5 ఆగస్టు, సోమవారం

ఏం రాయను.

పొద్దున్న గూట్లో ఘటం లేదు. వంటింట్లో ఆ పిల్ల లేదు. ఆయన పరుగెత్తుకుంటూ ఆఫీసు నుంచి వచ్చారు. ఇరవై ఏళ్లుగా తోట ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా, ఉద్యోగం చేస్తున్న మనిషి, దొర దగ్గితే లేచి నిలబడే మనిషి, పనివేళలో ఇంటికి రావడం ఇదే మొదలు.

రాత్రి వంటశాల అన్నంలో తన వాటా తినకుండా నీళ్లు పోసి దాచిందట. పొద్దున్నే ఘటంలో వేసి, పెరుగు కలిపి, పైన పసుపు నీళ్లు పోసి, రబ్బరు పాలు తీసేవాళ్లతో కలిసి గేటు దగ్గర వరసలో నిలబడింది. రోజూ తనిఖీ చేసే ఆడమనిషి ఇవాళ చెయ్యి ముంచింది. చేతికి మెతుకులు వచ్చాయి. అక్కడికక్కడే లారీ ఎక్కించి సుంగై సిపుట్ పోలీసు స్టేషనుకి తీసుకుపోయారు.

ఎంత పొగరు. నా ఘటం. నన్ను అడక్కుండా.

రామదాసుకి చెప్పలేదు. నీ జబ్బు అంటుకుంటుందని వాళ్ల చుట్టాల దగ్గరికి పంపామన్నాను. దానికి చుట్టాలెక్కడున్నారు. తల్లీ తండ్రీ జపాను కాలంలోనే పోయారు. పెంచిన అవ్వ కూడా పోయింది.

6 ఆగస్టు

ఆయన స్టేషనుకి వెళ్లి వచ్చారు. చూడనివ్వలేదట. అడివివాళ్లకి కూడు మోసిందని కేసు. జైలు పడుతుంది. ఒక్కోసారి ఓడెక్కించి ఇండియా పంపేస్తారట. ఆ పిల్ల ఇండియా ఎప్పుడు చూసింది? ఎవరింటికని పోతుంది?

"అది అమ్మవారి ఘటమని చెప్పలేదా మీరు?" అన్నాను.

"సెప్పినాను రత్నం. గేటుకాడ ముందే దాలమ్మ సెప్పేసినాదట, అత్త ఈ పిల్లని ఆ ఘటం ముట్టుకోనివ్వదని. అందుకే దొంగతనంగా తీసుకెల్లి, దేవుడి పేరెట్టి కూడు మోసినాదని ఆల్లనుకుంటన్నారు. నువ్వొచ్చి సెప్పాలట."

దాలమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఏముంది? ముట్టుకోనివ్వలేదు, నిజమే.

7 ఆగస్టు

మోకాళ్లు నొప్పులు. బస్సెక్కలేను. అందుకే వెళ్లలేదు.

8 ఆగస్టు

చుట్టకుదురు గూట్లోనే ఉండిపోయింది. అంటే ఘటాన్ని అక్కడ ఏ సిమెంటు నేల మీదో పడేసి ఉంటారు. ఖాళీగా, ఏ బూట్ల పక్కనో. తలచుకుంటే అన్నం దిగడం లేదు.

బెంగ ఘటం గురించే.

9 ఆగస్టు

కూర నేనే చేశాను. ఉప్పెక్కువైందని ఆయన అనలేదు, నీళ్లు మాత్రం రెండు చెంబులు తాగారు. ఆ పిల్ల చేతి వంటకి అలవాటు పడ్డారు. నేనూ పడ్డాను కాబోలు.

దండెం మీద దాని ఎర్ర చీర ఇంకా ఉంది. తీసి మడతపెట్టాను. వాన పడేలా ఉంది కదా అని.

11 ఆగస్టు, ఆదివారం

కన్ను తెరిచాడు! చూపు ఉంది. కొంచెం మసకగా ఉందట, డ్రెస్సరు అది కూడా పోతుందన్నాడు. నా మొహం చూసి, "ఏటమ్మా, ఇంత సిక్కిపోనావు" అన్నాడు. నేను వాడి తల పట్టుకుని ఏడ్చాను. సిగ్గులేకుండా పెద్దగా ఏడ్చాను.

ఆ తర్వాత వాడు ఇల్లంతా చూసి గుణ ఏదన్నాడు. చుట్టాల కథ మళ్లీ మొదలెట్టాను. "సాల్లేమ్మా," అన్నాడు. "నాన్న సెప్పేసినాడు. నువ్వొస్తే వదుల్తారట కదా?"

"నాకు మోకాల్లు నొప్పులురా."

"నానెత్తుకొని తీసుకెల్తాను లా," అన్నాడు, చివర్న మలాయివాళ్ల లా తగిలించి. లేచి నిలబడలేని వెధవ, గోడ పట్టుకుని నన్ను ఎత్తుకుంటాడట. నవ్వొచ్చింది. నవ్వి, వంటింట్లోకి వచ్చేశాను.

నిజం రాస్తాను, ఇది నాకొక్కదానికే కదా. మోకాళ్లు బాగానే ఉన్నాయి. భయమేస్తోంది. ఘటం నేనే ఇచ్చానంటే కూడు పంపింది నేనేనని నన్నూ లోపల పెడతారు. ఇవ్వలేదంటే నేను ఇంట్లో ఉంటాను, ఆ పిల్ల ఓడెక్కుతుంది. ఇచ్చానన్నాక ఇక ఘటం నాది కాదు. అమ్మ పేరు మీద ఇచ్చానని చెప్పి మళ్లీ నెత్తినెలా పెట్టుకుంటాను?

వాడి కన్ను తెరుచుకుంది. అమ్మకి ఆకలి తీరిందా? కూడు గేటు కూడా దాటలేదే. ఒకవేళ అమ్మ చూసుకునేది కూడు కాదేమో.

12 ఆగస్టు

రేపు వెళ్తాను. ఆయనతో చెప్పాను. కోటు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

13 ఆగస్టు, మంగళవారం

అంతా వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే కలలాగా అనిపిస్తుంది.

బస్సులో ఆయన నా పక్కన కాకుండా ఎదురుగా కూర్చున్నారు, అలవాటుకొద్దీ. కాసేపయ్యాక లేచి పక్కకొచ్చారు.

"నువ్వు పంపినానంటే నిన్నూ లోపలెడతారు రత్నం."

"ఎట్టనీండి."

"అయితే నానూ ఒస్తాను," అన్నారు, ఏదో పసర్‌ సంతకి కూరలకి వస్తానన్నట్టు. ఆయన చేతులు మాత్రం కోటు జేబుల్లో బస్సు టిక్కెట్లు నలిపేస్తున్నాయి. నాకు కనబడదనుకున్నారు.

స్టేషనులో బల్ల వెనక ఒక తెల్లదొర, గోడ పక్కన మీసాలు నెరిసిన మలాయి సార్జెంటు. లోపలికి అడుగు పెట్టగానే నా కళ్లు నేల మీద వెతికాయి. ఘటం నేల మీద లేదు. కిటికీ పక్కన బెంచీ మీద ఉంది. దాని కింద చుట్టకుదురు. దగ్గరికి వెళ్లి చూశాను. చీర కొంగు చింపి, మెలిపెట్టి, చుట్ట చుట్టింది. ఘటంలో నీళ్లున్నాయి, తేటగా. పైన ఒక మందారం.

ఈ పిల్లకి నేను ఎప్పుడూ ఏమీ నేర్పలేదు. ఏడాదిగా గుమ్మంలో నిలబడి చూసిందే ఇదంతా.

దొర ఇంగ్లీషులో అడిగాడు. ఆయన నాకు తెలుగులో చెప్పారు. ఈ కుండ ఎవరిది, ఆ అమ్మాయికి ఎవరిచ్చారు? మీరు దాన్ని తాకనివ్వరని మీ పక్కింటావిడ చెప్పింది, నిజమేనా?

ఘటం వైపు చూశాను. అమ్మ వెండి కళ్లు నన్నే చూస్తున్నాయి.

"నానే ఎత్తినాను బాబూ," అన్నాను. "నా సేతుల్తో దాని నెత్తికెత్తినాను. అది నా కోడలు. మా ఇంట ఘటం కోడలే మొయ్యాల. నా కొడుక్కి అమ్మవారు పోసినాది, అమ్మకి సల్లన్నం ఎట్టాల. ఎట్టమన్నదీ నానే. ఏసుకుంటే నా మీద ఏసుకోండి కేసు."

ఆయన నా వైపు చూశారు. అంత మాట అనాలా అని అడుగుతున్నట్టు. తల ఊపాను. అప్పుడు ఇంగ్లీషులో చెప్పారు. నేను చెప్పినదానికంటే పొడుగ్గా చెప్పారు.

దొర కలం పక్కన పెట్టి ఆలోచించాడు. అప్పుడు సార్జెంటు మలాయిలో మాట్లాడాడు. ఆ భాష నాకూ వచ్చు, తువాన్ అంటే దొర. "తువాన్, ఈ అమ్మాయి రోజూ పొద్దున్నే నన్ను పిలుస్తుంది. తనకి టీ కావాలని కాదు, ఈ కుండలో నీళ్లు మార్చమని. దొంగకూడు మోసేవాళ్లు కుండ గురించి ఇంత బాధపడరు. పువ్వు నేనే పెట్టాను. బోసిగా ఉంటే బాగోలేదు."

దొర సార్జెంటు మొహం కాసేపు చూశాడు. తర్వాత ఆ మందారం కూడా చూశాడు. ఘటంలో దొరికింది పిడికెడు మెతుకులేనని కాగితం మీద రాసి ఉందట, దాంతో ఎవడి కడుపూ నిండదన్నాడు. ఆయన చేత పూచీ సంతకం పెట్టించుకుని, ఇంకోసారి తినేది ఏదైనా గేటు దాటితే ముగ్గుర్నీ లోపల వేస్తానని గట్టిగా చెప్పాడు. ఆయన సంతకం ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుంది. ఇవాళ పురుగు పాకినట్టుంది.

లోపల్నుంచి తీసుకొచ్చారు. చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోలేదు, వాడికి అమ్మవారు పోసిన రోజు నుంచీ దువ్వుకోలేదు. నన్ను చూసి తప్పు చేసిన పిల్లలా ఆగిపోయి, ముందు ఒకే మాట అంది.

"మామీ, కీళ వెక్కల."

కింద పెట్టలేదట. నాకు ఏడుపు ఆగలేదు. దగ్గరికి లాక్కున్నాను. "సచ్చినదానా, పస్తుండి అమ్మకి కూడు దాచినావా," అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అది నా భుజం మీద తల పెట్టి అరవంలో ఏదో గొణిగింది. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. తర్వాత "అవరుకు కణ్ణు?" అంది. కన్ను తెరిచాడని చెప్పాను. ఘటం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

బస్సులో ఘటం నా ఒళ్లోనే ఉంది. తోట దారి దగ్గర దిగాం. గేటు కనబడుతోంది. "నిలబడు" అన్నాను. నిలబడింది. స్టేషనులో చుట్టిన ఆ కొంగుకుదురే దాని నెత్తిన పెట్టాను. రెండు చేతులతో ఘటం ఎత్తాను. ఇంత బరువని నాకు ఎప్పుడూ తెలియలేదు.

"మామీ, వేణ్డామ్," అంది భయంగా, వద్దని. దాలమ్మ వింటుందేమోనన్నట్టు చుట్టూ చూసింది.

"అమ్మ ఎదర ఎత్తినానని సెప్పేసినాను. ఇప్పుడు ఎత్తకపోతే అది అబద్ధమైపోదా?" అన్నాను, ఎత్తాను.

మేం మూడు గడపల అవతల ఉండగానే దాలమ్మ చూసింది. నోట్లో వక్క అలాగే ఉండిపోయింది. నేను ముందు నడవలేదు. వెనకాల నడిచాను.

రాత్రి ఆయన్ని అడిగాను, ఇంగ్లీషులో అంత పొడుగ్గా ఏం చెప్పారని. "పెరుగు కలిపింది నానని సెప్పినాను," అన్నారు. పెరుగు కలపడం కాదు, తోడు పెట్టడం కూడా తెలియదు ఈయనకి. దొరల ముందు ఇంత అబద్ధం ఆడగలరని పాతికేళ్ల కాపురంలో ఎప్పుడైనా అనుకున్నానా!

14 ఆగస్టు

నెత్తి తేలిగ్గా ఉంది. కాసేపు తలుపు చాటుకి వెళ్లాను.

20 ఆగస్టు

రామదాసు పనిలోకి వెళ్లాడు. మొహం మీద మచ్చలు. అందం పోయిందని నేనంటే, ఆ పిల్ల కాదంటుంది. నెలాఖరుకి దేశానికి స్వాతంత్ర్యమట, మెర్దేకా అంటున్నారు. ఫ్యాక్టరీ మీదికి జెండాలు కట్టే పని వాడికి అప్పజెప్పారు. కంచె తీసేస్తారా అని ఆయన్ని అడిగాను. అడివిలోవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు కదా, కంచె ఉంటుందన్నారు.

అంటే అమ్మ ఇంకా బయటే. పసుపు నీళ్ల మీదే.

27 ఆగస్టు

పొద్దున్న ఆ పిల్ల ఘటంలో నీళ్లు మారుస్తూ నాతో ఒక మాట అంది. అరవం, తెలుగు కలిపి అంది. నాకు వెంటనే ఎక్కలేదు. రెండోసారి అడిగి చెప్పించుకున్నాను.

"సోరు వెళియ పోకూడాదు. సరి మామీ. అమ్మ ఉళ్ళ వరలామే?"

అన్నం బయటికి పోకూడదు, సరే. అమ్మ లోపలికి రావచ్చు కదా?

తోటలో ఇంతమంది పెద్దలం ఉన్నాం. కంచె వేసిన దగ్గర్నుంచీ అన్నం ఎలా దాటించాలా అని ఏడ్చాం గానీ, అమ్మని పిలుచుకురావాలని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. దాని తల మీద మొట్టికాయ వేశాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

31 ఆగస్టు, శనివారం

మెర్దేకా. పొద్దున్న తోటంతా జెండాలు. దొర మిఠాయిలు పంచాడు. రేడియోలో ఏవేవో ఉపన్యాసాలు, ఆయన కోటు వేసుకుని నిలబడే విన్నారు.

మేం మా పని మీద వెళ్లాం. గుణవతి నెత్తిన ఘటం, అందులో గుక్కెడు నీళ్లు. గేటు దగ్గర ఆడమనిషి చెయ్యి ముంచి చూసి పంపింది. నూకాలమ్మ రాయి చుట్టూ కలుపు పీకాం. రాయిని కడిగి, ఆ కడిగిన నీళ్లు కొంచెం ఘటంలో పట్టి, పసుపు వేశాం. పిలవడం నాకు అలవాటైన మాటల్లో పిలిచాను. అది దాని మాటల్లో పిలిచింది. అమ్మకి రెండూ తెలుసనుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర కుర్ర మాతామాతా పోలీసు, టోపీకి చిన్న కాగితం జెండా గుచ్చుకున్నవాడు, అడ్డం వచ్చాడు. లోపలికి ఏం తెస్తున్నారని మలాయిలో అడిగాడు.

"మా అమ్మని," అంది గుణవతి, మలాయిలోనే.

వాడు ఘటం మీది మొహం వైపు చూశాడు, మా మొహాలు చూశాడు. ఏమనుకున్నాడో, గేటు రెండు రెక్కలూ తీసి పక్కకి నిలబడ్డాడు. మనుషులకి ఒక్క రెక్కే తీస్తారు.

లైన్లంతా వెంట వచ్చింది. వరండాలో కుదురు మీద ఘటం పెట్టి, అరిటాకు వేసి, రాత్రి చద్ది పెట్టిన అన్నంలో పెరుగు కలిపి వడ్డించాం. ఎన్నేళ్లకో అమ్మకి కడుపునిండా కూడు. దాలమ్మ గిన్నె పట్టుకుని వచ్చి గడప అవతల నిలబడింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. గుణవతి వెళ్లి గిన్నె నిండా పెట్టింది. సరే, ఘటం దానిది, ప్రసాదం దానిది.

అందరూ వెళ్లాక అదీ నేనూ వంటింట్లో ఒకే పళ్లెంలో కలుపుకున్నాం. చద్దన్నం, పెరుగు, పచ్చిమిరపకాయ. బాగా పులిసింది, మా అత్త చేతి రుచే.

"మామీ, ఇంకొంచెం?" అంది.

"ఎయ్యి," అన్నాను.

అత్తా అనమని చెప్పడం ఇవాళ మర్చిపోయాను.